ఇంగ్లీషు మాటల తోకలు కలిసేది ఎక్కడ?

మాట–మర్మం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చివరి ధ్వని ఒకటై ప్రాస కుదిరే ఇంగ్లీషు పదాల గురించి సందేహాలుంటే రాయమని గత సంచికలో కోరాము. హైదరాబాదు నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పిల్లల హోంవర్కు గురించే. ఆరింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. ఎలుగుబంటి అనే అర్థమున్న ‘బేర్’కు ప్రాస కుదిరే అయిదు పదాలు రాసుకురమ్మని బడిలో చెప్పారు. పాప కేర్, చెయిర్, హెయిర్, వేర్ (తొడుక్కోవడం అనే అర్థమున్నది), స్క్వేర్ అని రాసింది. టీచరుగారు ‘వేర్’ ఒక్కటి ఉంచి మిగిలిన నాలుగూ కొట్టేసి, వాటి పైన డియర్, ఫియర్, హియర్, నియర్ అని ఎర్ర సిరాతో దిద్దారు. చివర ‘ఈ, ఏ, ఆర్’ అనే మూడు అక్షరాలూ ఉండి తీరాలని చెప్పారట. పాప రెండు రోజులుగా దిగులుగా ఉంది. ఎవరిది ఒప్పు?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

సమాధానం: అమ్మా, మీ పాప రాసిన అయిదూ ఒప్పే. ఈ ఉత్తరం మొత్తం చదవకముందే ఆ మాట పాపకు చెప్పండి.

ఇంగ్లీషులో ప్రాసకు ఉన్న నియమం చిన్నదే. పదంలో ఒత్తి పలికే చివరి అచ్చు దగ్గర మొదలుపెట్టి మాట ముగిసేవరకు వినిపించే ధ్వనులన్నీ రెండు పదాలలోనూ ఒకటిగా ఉండాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. బేర్, కేర్ అన్నప్పుడు ముందున్న బకారం కకారమైంది, వెనుకనున్న ‘ఏర్’ చెక్కు చెదరలేదు. డియర్ అన్నప్పుడు అచ్చే మారిపోయింది, అందువల్ల ప్రాస తెగిపోయింది. ఈ నియమంలో ‘వినిపించే’ అన్న మాట ఉన్నదే తప్ప ‘కనిపించే’ అన్న మాట లేదు.

టీచరుగారిని నిందించడానికి ఇలా రాయడం లేదు. తెలుగులో చదువు మొదలుపెట్టిన మనందరికీ కన్ను, చెవి ఒకే మాట చెబుతాయి. మన లిపిలో రెండు పదాల చివరి అక్షరాలు ఒకటైతే ఆ రెండింటి పలుకూ ఒకటే. ఆ నమ్మకంతోనే మనం ఇంగ్లీషు పుస్తకం తెరుస్తాము. అక్కడ ‘ఓ, యూ, జీ, హెచ్’ అనే నాలుగు అక్షరాలతో ముగిసే మాటలు దో, త్రూ, టఫ్, కాఫ్, బౌ అని అయిదు తీరులుగా పలుకుతాయి. ఎత్తు అనే అర్థమున్న ‘హైట్’కూ, బరువు అనే అర్థమున్న ‘వెయిట్’కూ స్పెల్లింగులో మొదటి అక్షరం ఒక్కటే తేడా, అయినా మొదటిది కైట్, నైట్‌ల వైపు, రెండోది గేట్, ప్లేట్‌ల వైపు వెళ్ళిపోతాయి. మరోవైపు బ్లూ, షూ, త్రూ, టూ, ఫ్లూ, యూ అనే ఆరింటి స్పెల్లింగులు ఒకదానితో ఒకటి ఏ మాత్రం పోలకపోయినా ప్రాస మాత్రం నిక్కచ్చిగా కుదురుతుంది.

ఇంగ్లీషు ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే పిల్లలకు దాని మీద కోపం తగ్గుతుందని నా అనుభవం. సుమారు వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువారు ‘నైట్’ అనే మాటను ‘నిఖ్ట్’ అన్నట్టుగా పలికేవారు. ఆ ‘ఖ్’ మన ఒత్తు ఖకారం కాదు. పాతబస్తీలో ‘ఖబర్’, ‘ఖుదా హాఫిజ్’ అనేటప్పుడు గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని ఉన్నదే, దానికి దగ్గరిది. జర్మన్ భాషలో రాత్రిని నేటికీ ‘నాఖ్ట్’ అనే అంటారు. ఆ ధ్వనిని కాగితం మీద పెట్టడానికే ‘జీ, హెచ్’ జంట స్థిరపడింది. తరువాతి కాలంలో అది కొన్ని మాటలలో పూర్తిగా మాయమైంది, కాఫ్, టఫ్ వంటి కొన్నింటిలో ఫకారమైంది. ఈలోగా 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పాడు. అచ్చుపుస్తకాల వల్ల స్పెల్లింగు క్రమంగా కుదురుకుంటూ వచ్చింది, నోటి పలుకు మాత్రం ఆగలేదు. 1400, 1700 సంవత్సరాల మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ వరుసగా తమ స్థానాలు మార్చుకున్నాయి. రక్తం, తిండి, మంచి అనే అర్థాలున్న మూడు మాటలలోనూ ఒకప్పుడు ‘ఓ’ అనే దీర్ఘమే ఉండేది. నేడు అవి బ్లడ్, ఫూడ్, గుడ్ అని మూడు దారులు పట్టినా, రెండు ‘ఓ’ అక్షరాలు పక్కపక్కన కూర్చున్న పాత స్పెల్లింగు అలాగే ఉంది.

ఇంకొక్క ముచ్చట. సంతోషం అనే అర్థమున్న ‘డిలైట్’ ఫ్రెంచి నుంచి వచ్చింది, అందులో గొంతు ధ్వని ఏనాడూ లేదు. ‘లైట్’తో ప్రాస కుదురుతున్నది కదా అని దాని స్పెల్లింగులోనూ ‘జీ, హెచ్’ చేర్చి రాయడం మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది. చెవిలోని ప్రాస ఇక్కడ స్పెల్లింగునే మార్చేసింది. పాపను ఆ నాలుగు పదాలూ టీచరుగారి ముందు పైకి చదవమనండి. వింటే ఆమె తప్పక ఒప్పుకుంటారు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. కాలేజీ పత్రికకు ఇంగ్లీషులో కవిత రాశాను. పాదాల చివర నేషన్–స్టేషన్, నేషన్–మోషన్, అడ్మిషన్–పర్మిషన్ అని వాడాను. అన్నీ ‘షన్’తోనే ముగుస్తున్నా, మా లెక్చరరుగారు మొదటి జంట తప్ప మిగిలినవి ప్రాసలు కావన్నారు. కారణం చెప్పగలరా?
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: మీ లెక్చరరుగారి మాట నిజం. హైదరాబాదులో ఉన్నవారికి ఈ సంగతి చెప్పడానికి గజల్ కంటే దగ్గరి దారి లేదు. ఈ నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీలో గజళ్ళు రాసిన కవి, ఇక్కడ నేటికీ ముషాయిరాలు జరుగుతూనే ఉన్నాయి. గజల్‌లో పాదం చివర మారకుండా తిరిగి తిరిగి వచ్చే మాటను రదీఫ్ అంటారు. దానికి సరిగ్గా ముందు, పదం మారుతున్నా ధ్వని కలిసే చోటును కాఫియా అంటారు. రదీఫ్ లేకుండా గజల్ ఉండవచ్చు గానీ కాఫియా లేనిదే ఉండదు. మీరు వాడిన ‘షన్’ రదీఫ్ వంటిది. దానిని ఎన్నిసార్లు తెచ్చినా కవి ప్రతిభ ఏమీ లేదు, ఎందుకంటే అది ప్రత్యయం. దాని ముందున్న, ఒత్తి పలికే అక్షరంలోనే కాఫియా ఉండాలి.

నేషన్, స్టేషన్ రెండింటిలోనూ ఒత్తి పలికే అచ్చు ‘ఏ’, కనుక ప్రాస నిలిచింది. మోషన్‌లో అది ‘ఓ’, దానికి లోషన్, ఓషన్ జతపడతాయి. యాక్షన్‌కు ఫ్రాక్షన్, కండిషన్‌కు పొజిషన్ సరిపోతాయి. ఇక అడ్మిషన్, పర్మిషన్‌ల దోషం దీనికి ఎదురైనది. అక్కడ అచ్చు కలిసింది, కానీ దాని ముందున్న మకారం కూడా కలిసిపోయింది. అంటే ‘మిషన్’కు ‘మిషన్’నే జతచేశారన్నమాట. ఫ్రెంచి కవిత్వంలో ఇటువంటి జతను సంపన్నమైన ప్రాసగా మెచ్చుకుంటారు, ఇంగ్లీషు చెవికి మాత్రం అదే మాట రెండుసార్లు విన్నట్టు ఉంటుంది. ఎడ్యుకేషన్, అప్లికేషన్ జంటకూ ఇదే చిక్కు, రెండింటిలోనూ ‘కే’ ఉంది. ఎడ్యుకేషన్ పక్కన నేషన్ పెట్టండి, బాగుంటుంది. ‘ఇంగ్’తో ముగిసే మాటలకూ ఇదే సూత్రం: సింగింగ్, వాకింగ్ కలవవు, సింగింగ్, బ్రింగింగ్ కలుస్తాయి.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మన ప్రాస పాదంలో రెండో అక్షరానికి సంబంధించినది, ఇంగ్లీషు ‘రైమ్’ పదం చివరిది. రెండింటికీ ఒకే పేరు పెట్టి పిల్లలకు చెప్పడం సబబేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

సమాధానం: మాస్టారూ, చాలా రోజులుగా ఎవరైనా అడిగితే బాగుండునని నేను ఎదురుచూసిన ప్రశ్న ఇది. ఛందశ్శాస్త్రం చదివినవారికి ‘రైమ్’ను ఉత్త ‘ప్రాస’ అనడం ఇబ్బందిగానే ఉంటుంది, ‘అంత్యప్రాస’ అంటేనే సరైన పేరు. వాడుకలో మాత్రం సినిమా పాటల దగ్గర నుంచి పత్రికల శీర్షికల వరకు అందరూ ప్రాస అనే అంటున్నారు. మీరు క్షమిస్తారనే ధైర్యంతో ఈ శీర్షికలోనూ అలాగే వాడాను.

చోటు కంటే పెద్ద భేదం మరొకటి ఉంది. కందపద్యం మొదటి పాదంలో రెండో అక్షరం ‘క్క’ అయితే, మిగిలిన పాదాలలో క్కి రావచ్చు, క్కు రావచ్చు, క్కె రావచ్చు. హల్లు నిలిస్తే చాలు, దాని మీది గుణింతం స్వేచ్ఛగా మారుతుంది. ఇంగ్లీషులో దీనికి తలకిందులు. అక్కడ ఒత్తి పలికే అచ్చు ప్రాణం. ‘బిట్’కు ‘బట్’, ‘బెట్’ ఎన్నటికీ ప్రాస కావు, హల్లులన్నీ ఒకటైనా సరే. మన ప్రాసకు అలవాటుపడిన పిల్లవాడు ‘బ్యాగ్’కు ‘బిగ్’ జత రాశాడంటే, వాడికి చెవి లేదని కాదు, వేరే ఛందస్సుకు సిద్ధపడిన చెవి ఉందని అర్థం.

మీకు మరింత నచ్చే సంగతి ఏమిటంటే, ఇంగ్లీషు కవిత్వం కూడా అంత్యప్రాసతో పుట్టలేదు. పాత ఇంగ్లీషు పద్యపాదాన్ని రెండు భాగాలు చేసి, రెండింటిలోనూ ఒత్తి పలికే అక్షరాల మొదటి ధ్వనిని కలిపేవారు. అది మన యతి వంటిదే. అచ్చుల విషయంలో మనకు అ, ఆ, ఐ, ఔలకు ఒక మైత్రి, ఇ, ఈ, ఎ, ఏలకు మరొక మైత్రి అని కట్టుదిట్టం ఉంది. వారికి ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా చెల్లేది. లాటిన్ కీర్తనల ప్రభావం, 1066 తరువాత రాజ్యమేలిన నార్మన్‌ల ఫ్రెంచి ప్రభావం కలిసి అంత్యప్రాసను స్థిరపరిచాయి. 14వ శతాబ్దంలో చాసర్ అనే కవి నాటికి అదే రాజమార్గమైంది.

తెలుగులో వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక అంత్యప్రాస అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. వచ్చాడు, వెళ్ళాడు, చూశాడు అని రాసుకుంటూ పోతే చాలు. అందుకే మన పూర్వకవులు దానిని నియమంగా పెట్టుకోలేదేమోనని నాకు అనిపిస్తుంది. ఇంగ్లీషు తన ప్రత్యయాలను చాలావరకు పోగొట్టుకుంది. అక్కడ ప్రాస కావాలంటే పదాల మూలరూపాలలోనే వెతకాలి, వెతికి తెచ్చినది కాబట్టే దానికి అంత గౌరవం.

ప్రశ్న: మా మనవడు ఫోనులో పాటలు చూసి ఇంగ్లీషు చివరి అక్షరాన్ని ‘జీ’ అంటున్నాడు. మేము చిన్నప్పటి నుంచి ‘జెడ్’ అని నేర్చుకున్నాము. దిద్దమంటారా?
— ఒక తాతగారు, పద్మారావునగర్

సమాధానం: పాట పాడేటప్పుడు దిద్దకండి. ఆ అక్షరాల పాట 1835లో అమెరికాలోని బోస్టన్‌లో అచ్చయింది. అందులో పాదాలు జీ, పీ, వీ అని ‘ఈ’తో ముగుస్తూ వచ్చి, చివరి అక్షరం కూడా ‘ఈ’తోనే ముగిసి ‘మీ’ అనే మాటతో కలుస్తుంది. అక్కడ ‘జెడ్’ అంటే ప్రాస విరిగిపోతుంది, పిల్లవాడి చెవి ఆ విరుపును ఒప్పుకోదు. గ్రీకు ‘జీటా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘జెడ్’ బ్రిటన్‌లోనూ మనదేశంలోనూ ప్రమాణం, ‘జీ’ అమెరికాలో ప్రమాణం.

స్పెల్లింగు చెప్పేటప్పుడు మాత్రం జెడ్ అనే అలవాటు చేయండి. మన నోట ఏడో అక్షరమూ, అమెరికా తీరున పలికిన చివరి అక్షరమూ రెండూ ‘జీ’యే అవుతాయి. ఇప్పటికే బీ, సీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అనే ఎనిమిది అక్షరాలు ఒకే ప్రాసతో ముగుస్తూ ఫోనులో పేరు చెప్పేవారిని తికమక పెడుతున్నాయి. ‘బీ ఫర్ బొంబాయి, డీ ఫర్ ఢిల్లీ’ అని మనం చెప్పుకోవడం ఆ ప్రాసను తప్పించుకోవడానికే. విమాన చోదకుల కోసం 1956లో అమలులోకి వచ్చిన ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అనే వరుస కూడా అందుకోసం తయారైనదే.

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకే ముగింపు ఉన్న పదాలను గుంపులుగా నేర్పితే చదవడం త్వరగా వస్తుందని శిక్షణలో చెప్పారు. మా పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు వినిపించదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్

సమాధానం: శిక్షణలో చెప్పినదానికి గట్టి ఆధారమే ఉంది. 1983లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రాడ్లీ, బ్రయంట్ నాలుగైదేళ్ళ వయసున్న సుమారు 400 మంది పిల్లలను పరిశీలించి ప్రకటించిన ఫలితాల ప్రకారం, చదవడం రాకముందే ప్రాసను పసిగట్టగలిగిన పిల్లలు తరువాత చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారు. అంతకుముందు 1970లో అమెరికాలో వైలీ, డ్యూరెల్ కలిసి 37 ముగింపులను ఎంచి చూపారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు కావలసిన దాదాపు 500 పదాలు ఆ 37 ముగింపుల నుంచే వస్తాయి. ‘యాక్’ నేర్పితే బ్యాక్, ప్యాక్, బ్లాక్, ట్రాక్ వస్తాయి, ‘ఇంగ్’ నేర్పితే కింగ్, రింగ్, సింగ్, స్ప్రింగ్ వస్తాయి. ఒక్కొక్క పదాన్నీ బట్టీ పట్టించడానికీ దీనికీ ఎంతో తేడా ఉంది.

ఇంట్లో ఇంగ్లీషు వినిపించదని దిగులుపడకండి. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడితే ఎన్ని ఇంగ్లీషు మాటలు చెవిన పడతాయో చూడండి: షాప్, స్టాప్, టాప్, డ్రాప్ ఒక గుంపు, గేట్, రేట్, లేట్, ప్లేట్ ఒక గుంపు, లైట్, నైట్, రైట్, సైట్, సంక్రాంతి వస్తే కైట్ మరొక గుంపు. పిల్లలకు ఈ మాటలు అర్థంతో సహా ముందే తెలుసు. నల్లబల్ల మీద ఏమీ రాయకుండా, మొదటి వారమంతా నోటితోనే ఆడించండి. మీరు ‘గేట్’ అంటే ఒక వరుస ‘లేట్’ అనాలి, తరువాతి వరుస ‘ప్లేట్’ అనాలి, అంత్యాక్షరి ఆడినట్టు. మధ్యలో ‘గోట్’ అని చొప్పించి, తేడా పట్టినవారిని మెచ్చుకోండి. తోక చెవికి పట్టుబడిన తరువాతే అక్షరాలు చూపించాలి. అప్పుడు కూడా మొదట ఒకే స్పెల్లింగు ఉన్న గుంపుతో మొదలుపెట్టి, అది కుదిరాక ‘లైట్’ పక్కన ‘కైట్’ను రాసి, ధ్వని ఒకటే, రాత రెండు తీరులు అని చూపించండి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. తెలుగు లిపిలో ఇంగ్లీషు పదాలను రాయించి ప్రాస సరిచూడకండి. మన నగరంలో రోజూ వినిపించే జంట ఒకటి చెబుతాను: ప్లాటు, ఫ్లాటు. తెలుగులో ఇవి చక్కగా కలుస్తాయి. ఇంగ్లీషులో స్థలం అనే అర్థమున్న మొదటిది ‘హాట్’, ‘పాట్’లతో చేరుతుంది, ఇల్లు అనే అర్థమున్న రెండోది ‘క్యాట్’, ‘మ్యాట్’లతో చేరుతుంది. ఆ రెండు అచ్చులకూ మన లిపిలో విడివిడి గుర్తులు స్థిరపడకపోవడం వల్ల తేడా కాగితం మీద చెరిగిపోతుంది. తిండి అనే మాటను మనం ‘ఫుడ్’ అని హ్రస్వంగా అంటాము కనుక అది ‘గుడ్’తో కలుస్తుంది, లండన్ రేడియోలో అది దీర్ఘం, కలవదు. స్కాట్లండులో ఆ రెండు మాటలకూ అచ్చు ఒకటే కనుక అక్కడ మళ్ళీ కలుస్తుంది. కాబట్టి పిల్లవాడు ఫుడ్–గుడ్ అంటే తప్పు అని కొట్టేయకుండా, ఆ మాటను దీర్ఘంగా పలికేవారూ ఉన్నారని చెప్పండి, రెండు రకాలుగానూ పలికి వినిపించండి.

ప్రశ్న: ప్రాసే లేని ఇంగ్లీషు పదాలు ఉన్నాయా? ప్రాస పదాల నిఘంటువు దొరుకుతుందా?
— పదో తరగతి విద్యార్థిని, మెహదీపట్నం

సమాధానం: ఉన్నాయమ్మా. నెల అనే అర్థమున్న ‘మంత్’కు సాధారణంగా వాడే పదాలలో జత లేదు. ‘ఆరెంజ్’కు వేల్స్‌లోని బ్లోరెంజ్ అనే కొండ పేరు, ‘సిల్వర్’కు ఆడ గొర్రెపిల్లను పిలిచే ‘చిల్వర్’ అనే మాండలిక పదం వంటి అరుదైన మాటలే తప్ప మామూలు జతలు కనిపించవు.

నిఘంటువులు చాలా కాలంగా ఉన్నాయి. నటుడిగా ఉండి తరువాత ఉచ్చారణ గురువుగా మారిన జాన్ వాకర్ 1775లో లండన్‌లో ఒకటి ప్రచురించాడు. అందులో పదాలను చివరి అక్షరం నుంచి వెనక్కు చదువుతూ వరుస పెట్టాడు. దానివల్ల కాఫ్, బౌ, టఫ్ వంటివి ఒకేచోట చేరాయి, ఆయన ప్రాసల పట్టికను విడిగా జతచేయవలసి వచ్చింది. నేటి నిఘంటువులు ఎక్కువగా ధ్వనిని బట్టి కూర్చినవే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలలో ఒకటి కనిపిస్తే, బేరం ఆడేముందు లోపల తెరిచి ‘దో’ అనే మాట ఎక్కడుందో చూడు. దాని పక్కన ‘టఫ్’ ఉంటే ఆ పుస్తకం అక్షరాల వరుసది. ‘గో’, ‘స్నో’, ‘టో’ ఉంటే ధ్వని వరుసది, నీకు కావలసినది అదే.